ఇరవై నాలుగో రాడ్డు పొడి

బావకు సుచరిత నమస్కరించి రాసేది. ఇక్కడ అత్తా మామా కులాసా. నేనూ బాగానే ఉన్నాను, ఒళ్ళు అలిసిందంతే. అక్కడ నీకు వేళకు తిండి దొరుకుతోందని అనుకుంటాను.

అత్త మోకాలు ఎలా ఉందని అడిగావు. గోడ పట్టుకుని నడుస్తోంది. బత్తాయి చెట్లు ఎన్ని మిగిలాయని అడిగావు. నలభై. ట్యాంకరు వచ్చిన రోజు నాలుగు బిందెలు ఎక్కువ పట్టి, మోసుకెళ్ళి పోస్తున్నాను. చెట్టుకు చెంబెడు కూడా రావు. పోసి పోసి అక్కడే కూలబడతాను.

నువ్వు కోరినట్టు మన బోరులో లేచిన రాతిపొడిని, రంగు మారిన చోటల్లా పొట్లం కట్టి, నీతో బోరు బండి మీద పనిచేసే వరప్రసాదం అన్నతో పంపుతున్నాను. ఒకటో పొట్లం పైన తగిలిన ఎర్రమొరం. రెండోది బూడిదరంగు బండ. మూడోది నల్ల పలకరాయి, బోరులోకి అయిదో రాడ్డు దిగినప్పటి నుంచి అదే. నీళ్ళు పడలేదని, కడదాకా నల్లరాయేనని ఫోనులో చెప్పాను. అలాగైతే చెట్లు కొట్టించెయ్యమని రాశావు.

నాలుగో పొట్లం కూడా ఉంది బావా. ముందు అది విప్పు.

ఇరవై నాలుగో రాడ్డుకు తెల్లపొడి లేచింది. నలుపు పోయి తెలుపు వస్తే ఆపనివ్వొద్దని, ఆ రెండు రాళ్ళ సందునే నీళ్ళుండొచ్చని నువ్వు చెప్పింది గుర్తుంది. మామ కళ్ళకు పొర కదా, కనబడలేదు. "నల్లబండే గదా, ఇంక ఆపండి నాయనా" అన్నాడు. చుట్టూ అయిదుగురు కొత్త మగవాళ్ళు. వాళ్ళ ముందు ఆపొద్దని చెప్పలేక, పిడికెడు పొడి కొంగున కట్టుకున్నాను. బండి వెళ్ళిపోయాక మామ అడిగితే, అప్పుడే ఎందుకు చెప్పలేదంటాడని జంకి, నల్లదేనన్నాను. నీకూ అదే చెప్పాను.

నిన్న రంపం మనిషి వచ్చాడు. మామ మొదటి చెట్టు చూపిస్తుంటే అడ్డం నిలబడ్డాను.

"మామా, అడుగున తెల్లరాయి తగిలింది. నేను చూసినా. చెప్పలేకపోయినా."

మామ ఆ పొడిని అరచేతిలో పోయించుకుని, వేళ్ళతో నలిపి, నాలుక మీద కూడా పెట్టుకున్నాడు. "ఆ పొద్దే చెప్పింటే ఏమైతుండెమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే తేలికయ్యేది. రంపం మనిషిని పంపేసి, మన్ను పడకుండా బోరు నోటి మీద బండరాయి పెట్టి వచ్చాడు.

పొడి చూసి ఏం చెయ్యాలో నువ్వే రాయి. మళ్ళీ బండి వస్తే దాని పక్కనే నిలబడతాను. అప్పటిదాకా నీళ్ళు మోస్తుంటాను.

ఇట్లు,
నీ మరదలు, నీ ఇల్లాలు
సుచరిత