తలల మీది తీగలు

లిటియా తల్లీ, ఆనకట్టకు నదిని ఇస్తే తొలి కరెంటు దీపం మన ఊళ్లోనే అని సర్కారు ఇచ్చిన మాట నీకంటే పాతది. తీగలు ఇప్పటికీ మన తలల మీదుగా రాజధాని సువాకు పోతున్నాయి; నేను లాంతరు వెలుగులో ఇది రాస్తున్నాను.

నిన్న ఆఫీసరు మన పద్ధతిలోనే తిమింగలం దంతం పట్టుకొచ్చి ఎగువ లోయ కూడా అడిగాడు. దాన్ని అందుకుంటే ఒప్పుకున్నట్టేనని వాడికీ తెలుసు. నేను చేతులు చాపలేదు.

"దేశానికి కరెంటు చాలడం లేదు, పెద్దాయనా."

"మరి మేం ఏ దేశంలో ఉన్నాం, బాబూ?"

లోయలో నీకూ వాటా ఉంది గనక సంతకం కోసం నువ్వున్న పట్నానికీ వస్తారు, పెట్టకు. లాంతరు గ్లాసు పగిలేలా ఉంది, ఒకటి పంపు. మనవడికి దగ్గు తగ్గిందా? మీరంతా చల్లగా ఉండాలి.

అడగడం ఆఫీసర్ల ఉద్యోగం. ఆనాడు ఊళ్లో ఎవరినీ అడక్కుండా వాళ్ల దంతం అందుకుని నదిని ఇచ్చేసింది నేనే, మీ పెదనాన్న ఇనోకే.