మా బావ రెండు చేతులూ

అమ్మా,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే మన్నించాలి.

నాయకుణ్ణి సభలో కాల్చి చంపిన రోజు నేను చూసింది మొన్న మీరు రికార్డు చేసుకున్నారు. మా చెల్లెలి మొగుణ్ణి జనం కొట్టి చంపిన సంగతి ఎత్తగానే, "అది వద్దు తాతగారూ, నాయకుడి గురించే చెప్పండి" అని మిషను ఆపేశారు.

తుపాకీ పేలినప్పుడు మా పాప బావ భుజాల మీద ఉంది. పడిపోకుండా దాని కాళ్లు రెండు చేతులా పట్టుకున్నాడు. ఎవడో "వీడేరా!" అన్నాడు. నేను పాపను లాక్కునేసరికే అందరూ మీద పడ్డారు. కాల్చినవాడు తప్పించుకున్నాడు.

చెల్లెల్ని వీధిలో ఇప్పటికీ హంతకుడి పెళ్లామనే అంటారు. ఇప్పుడు మంచం పట్టింది. "అన్నయ్యా, ఆయన రెండు చేతులూ పాప కాళ్ల మీదే ఉన్నాయన్న మాట మిషనులోకి ఎక్కిందా?" అని రోజూ అడుగుతోంది. ఎక్కిందని అబద్ధమాడాను.

అది ఉండగానే మళ్లీ రండమ్మా. ఎప్పుడొస్తారో త్వరగా రాయండి.