ఎగిరిపోయిన దీర్ఘం

శుక్రవారం, పెదబయలు

విశాఖ కాలేజీలో బీఏ తెలుగు సీటు ఈరోజు చేతిదాకా వచ్చి ఆగిపోయింది. సోమవారం పుట్టానని అమ్మ నాకు సోమారి అని పేరు పెట్టింది. స్కూల్ టీసీలో అలాగే ఉంది. చిన్నప్పుడు పాడేరు ఆఫీసులో చేత్తో రాసిచ్చిన కుల సర్టిఫికెట్లో మాత్రం దీర్ఘం ఎగిరిపోయి సోమరి అయింది. మాటలంటే ప్రాణమని చెప్పుకునేదాన్ని, నా పేరే ఇన్నాళ్లూ సరిగా చదువుకోలేదు.

కాలేజీ కౌంటర్లో గుమస్తా నవ్వాడు. "సోమరివైతే చదువెందుకమ్మా? రేపు సాయంత్రంలోగా సరిచేయించుకుని రా. లేకపోతే సీటు తర్వాతివాళ్లకి ఇచ్చేస్తాం."

రేపు రెండో శనివారం. పాడేరు ఆఫీసు తెరవరు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో నాన్నకి ఆ అక్షరం చూపించాను.

"ఇంతేనేటే గుంటా? పెన్ను నీ సేతిలోనే ఉంది కదా, బేగి గీసీ."

"తప్పు నాన్నా. దొంగ సర్టిఫికెట్ అంటారు."

"నీ పేరు నువ్వు రాసుకుంటే దొంగతనమేటే?"

పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. సర్టిఫికెట్ ఈ డైరీ పక్కనే ఉంది. 'మ' పక్కన దీర్ఘానికి సరిపడా చోటు కూడా ఉంది.