మీ వదినకు తెలియకుండా బ్లూటూత్

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఫోన్ మానేసి ఉత్తరం ఎందుకంటావేమో, ఫోన్లో మాట్లాడితే మీ వదిన వింటుంది. ఆపరేషన్‌తో గొంతు పోయింది గానీ చెవులు గోడ అవతలి మాటలు కూడా పట్టేస్తున్నాయి.

మూడు నెలలుగా పలక మీద రాసి చూపిస్తోంది. ఆవిడ వాక్యం ముగించేలోపు నేను మెట్లు దిగి వాచీల దుకాణంలోకి వచ్చేస్తున్నాను. ప్రతి పోట్లాటలోనూ నేనే నెగ్గుతున్నాను. ఇలా నెగ్గడం నాకు రుచించడం లేదు.

అందుకని ఒక పాత అరచేతి కంప్యూటర్ కొని దుకాణం సొరుగులో దాచాను. చిన్న కీబోర్డు, లోపల దాన్ని నడిపించే లినక్స్. టైప్ చేసింది పైకి చదువుతుంది, కాకపోతే దోమ గొంతుతో. స్పీకర్ నా బల్ల మీద పెడితే ఆవిడ మేడమీద నుంచే నన్ను తిట్టొచ్చు. దానికి బ్లూటూత్ కార్డు కావాలన్నారు. తెచ్చి దోపాను. దీపం మినుకుమంటోంది, అంతే. నలభై ఏళ్ళుగా గడియారాలు నడిపిస్తున్నవాణ్ణి, బిస్కెట్టంత కార్డు వెక్కిరిస్తోంది. కంప్యూటర్ ఆఫీసులో ఉన్నదానివి, దారి చెప్పు.

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క.: నువ్వొచ్చి బాగుచేస్తానంటే ఒప్పుకోను. చెయ్యి నాదే అయి ఉండాలి.

అన్నయ్యకు,

నమస్కారాలు. కార్డు పాడవలేదు. లినక్స్‌కి అది కనబడుతోంది గానీ, దాంతో ఏ వేగంలో మాట్లాడాలో తెలీక రెండూ మొహమొహాలు చూసుకుంటున్నాయి. అడుగున ఆ వేగం చెప్పే వరస ఒకటి రాశాను, ఉన్నదున్నట్టు టైప్ చెయ్యి. కార్డు తర్వాత కాస్త ఖాళీ వదులు. అదే ముఖ్యం.

నీ
చెల్లి

తా.క.: వదినకి తెలియకుండా నువ్వు చేసిన పని ఇంతవరకూ ఒక్కటైనా ఉందా?

చెల్లాయికి,

ఆశీస్సులు. కార్డు తర్వాత ఖాళీ వదలమన్నావు సరే, ఎంతో రాయలేదు. కొలిచి, ముప్పావు మిల్లీమీటరు బయటికి లాగి, మళ్ళీ లోపలికి జారకుండా సన్నటి రాగిరేకు అడ్డుపెట్టాను. పని చాలా శుభ్రంగా వచ్చింది, చూస్తే మెచ్చుకుంటావు. కాకపోతే ఇంతకుముందు మినుకుమన్న దీపం కూడా ఆరిపోయింది.

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క.: మీ ఆఫీసులో కొలతలు లేకుండానే పనులు చేస్తారా?

అన్నయ్యకు,

నమస్కారాలు. ఖాళీ వదలాల్సింది కార్డుకు కాదు, వరసలో ‘కార్డు’ అన్న మాట తర్వాత. కీబోర్డు అడుగున పొడుగు మీట ఉంటుంది, అది నొక్కు. రేకు తీసేసి కార్డు పూర్తిగా లోపలికి తొయ్యి. దీపం నిలకడగా వెలిగితే స్పీకర్ల జాబితా వస్తుంది. మొదటిదే నీది, దాంతో జత కలుపు.

నీ
చెల్లి

తా.క.: ఆదివారం బస్సెక్కనా? నీ మీద కాదు, ఆ కార్డు మీద జాలేస్తోంది.

చెల్లాయికి,

ఆశీస్సులు. బస్సెక్కనక్కర్లేదు. సాధించాను.

పొద్దున స్నానం చేసొచ్చి చూద్దును కదా, దీపం నిలకడగా వెలుగుతోంది. రాత్రి నేను కొట్టిన వరస తెల్లారాక దాని బుర్రకెక్కినట్టుంది. జాబితాలో మొదటి పేరుతో జత కలిపి, మీ వదినకు ముప్పై ఏళ్ళలో చెప్పని మాట ఒకటి టైప్ చేశాను: "నీ గొంతు మీదే నా ధ్యాసంతా. పనిలో చెయ్యి నిలవడం లేదు."

నా బల్ల మీద చప్పుడు లేదు. ఆ మొదటి పేరు పక్క సెలూన్ స్పీకర్‌ది. అక్కడ గడ్డం కింద కత్తితో కూర్చున్న పెద్దమనిషి ఆ మాట విని సగం నురగతో వీధిలోకి పరుగెత్తాడు. సెలూన్ ఆయన కత్తి పట్టుకునే వచ్చి, "నా చెయ్యి నిలవదని ఎవరన్నారు?" అని నిలదీశాడు. అది మీ వదినకు రాసిన మాటని నచ్చజెప్పి పంపి, రెండో పేరుతో జత కలిపాను. పలికింది.

మధ్యాహ్నం కంప్యూటర్ మీ వదిన చేతిలో పెట్టాను. బల్ల మీది స్పీకర్‌ని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాను.

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క.: లినక్స్ విషయంలో మీ ఆఫీసులో ఎవరికైనా సందేహాలుంటే నన్ను అడగమను.

మరదలికి,

మీ వదిన దీవెనలు. ఈ ఇంటికొచ్చే ఉత్తరాలు తీసుకునేది నేనే. నీ రెండు ఉత్తరాలూ ఆవిరి పట్టించి విప్పి చదివి, మళ్ళీ అంటించి ఆయనకిచ్చాను.

ఆ పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే కిందికి దిగాను. రేకు తీశారు గానీ కార్డు ఇంకా వెంట్రుకవాసి బయటే ఉంది. వరసలో ఒక అక్షరం రెండుసార్లు పడింది. తోశాను, దిద్దాను, దీపం వెలిగింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు ఎవరెవరినో కలిపినదాన్ని, ఈ రెండింటినీ కలపలేనా?

ఆయనకు మాత్రం చెప్పకు. భూతద్దం కంటికి బిగించుకుని మూడు వారాలు ఆ పెట్టె మీద వంగి కూర్చున్నారు. నాకోసం. మేడమీద కిటికీ దగ్గర నిలబడి "నేనే పలికించాను" అని ఆయన చెప్పుకోవడం వింటుంటే, ఆ గొప్పంతా నాదే అనిపిస్తుంది. ఆయన టైప్ చేసిన మాట సెలూన్ ఆయన మెట్లెక్కి వచ్చి నాకు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అది నేను పలక మీద రాసుకుని దాచుకున్నాను.

ప్రేమతో,
వదిన

తా.క.: పెట్టెలో ఉన్నది మగగొంతు. ఆడగొంతు కూడా పెట్టొచ్చునట, వద్దన్నాను. అచ్చం మీ అన్నయ్య గొంతులానే ఉంటుంది. నిన్న దాంతోనే, "తప్పు నాదే, ఇక నుంచి నువ్వు చెప్పినట్టే వింటాను" అనిపించాను. దుకాణంలో ఉన్న నలుగురూ విన్నారు.