ట్రిగ్గర్ స్క్రూ మీద ఎర్ర చుక్క

కీర్తిశేషులు కట్టోజు వీరయ్య కుమారుడిని, నాంపల్లి నివాసిని, అబిడ్స్‌లో పోటీలకు వాడే ఎయిర్ పిస్టళ్లు కట్టి, మరమ్మతు చేసే దుకాణదారుడిని, డెబ్బై ఒక్క ఏళ్ల కట్టోజు రామచందర్ అను నేను, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. వేళ్ల సంగతి ఆయన రాయలేదు, నేను రాయమనలేదు. షుగర్ వల్ల నా కుడి చూపుడు వేలి కొసకు స్పర్శ పోయి చాలా కాలమైంది. ఈ మాట నోటితో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవి రద్దు. దీని అమలు బాధ్యత నా మిత్రుడు లక్ష్మణరావుది. లెక్చరర్‌గా రిటైరైన మనిషి, ప్రతి కామా దగ్గరా ఆగుతాడు. వారసులు ఓపిక పట్టాలి.

2. నాంపల్లిలోని నా స్వార్జితమైన ఇంటిని నా భార్య విద్యావతి జీవితాంతం అనుభవించాలి. తదుపరి అది మా కొడుకు నరేశ్‌కు, కోడలు ఉజ్వలకు సమానంగా చెందుతుంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో విద్యావతి బేరమాడి కొన్న పింగాణీ జాడీలను ఎవరూ కదపరాదు. వాటిలో ఒకదాన్ని పగలగొట్టింది పిల్లి కాదు, నేనే.

3. నా పాత డ్రిల్లింగ్ మిషను బావమరిది బాలరాజుకు. వినాయక మండపానికని తీసుకుపోయి, బిట్టు బిగించే ముక్కు లేకుండా తెచ్చిచ్చాడు. ముక్కు ఆయన దగ్గరే ఉంది కాబట్టి మిగతాది కూడా ఆయనే ఉంచుకోవడం న్యాయం.

4. కాచిగూడ నుంచి వచ్చే షూటర్ ప్రణవికి నేను చెక్కి దాచుకున్న రోజ్‌వుడ్ పిడి. ఆమె పిస్టల్‌ను విడిభాగాలు తెప్పించి, ఆమె చేతి కొలతకు కట్టింది మేమే. పోటీలో ట్రిగ్గర్ అర కిలో బరువును ఆపాలి. అంతకన్నా తేలిగ్గా జారితే ఆ పిస్టల్‌ను లోపలికి రానివ్వరు. ఆమెది ఒకసారి ఆపేది, ఒకసారి జారేది. ఇలాంటప్పుడు ఏ వరుసలో వెతకాలో అందరికీ చెప్పేది నేనే: ముందు మురికి, గట్టిపడ్డ నూనె, తర్వాత స్క్రూ, ఆ తర్వాత అరిగిన అంచులు, కాల్చే మనిషి వేలు అన్నిటికన్నా చివర. ఆమె దాన్ని తెచ్చిన రోజు నేను చివరిదాన్నే ముందు పట్టుకున్నాను. గిరాకీల ముందు, "నీ వేలే ఆగుతలేదు బిడ్డా, పిస్టల్‌కు ఏం గాలె" అన్నాను. ఆ పిల్ల "ఔ అంకుల్, నాదే తప్పేమో" అని పిస్టల్ అక్కడే వదిలి తల వంచుకుని పోయింది.

తప్పు స్క్రూది. దాన్ని తిప్పింది నేను. లోపల కొక్కెం ఎంత పట్టిందో వేలికి తెలియాలి, నా వేలికి తెలియలేదు. పరీక్షకు పెల్లెట్ పెట్టి ఆ పిస్టల్‌ను బల్ల మీద ఆనించగానే, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలింది. పెల్లెట్, దుకాణంలో బిల్లులు రాస్తూ నా పని చూసి నేర్చుకుంటూ ఎదురుగా కూర్చున్న ఉజ్వల చెవి పక్కనుంచి పోయి కేలండర్‌లో దిగింది. ఆమె "ఏం గాలె మామయ్యా, మీరు జర నీళ్లు తాగున్రి" అంది. మర్నాటికి గోడకు కొత్త కేలండర్ వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ప్రణవీ, నీ వేలిది ఏ తప్పూ లేదమ్మా.

5. స్క్రూ కదలకుండా దాని తల మీద ఎర్ర లక్క చుక్క పెట్టడం మా దుకాణం ఆనవాయితీ. ఆ సంఘటన తర్వాత, సర్వీసింగ్‌కు తిరిగొచ్చిన పిస్టళ్లలో నా చుక్కలు మెరుస్తూ కనిపించాయి. లక్క అలా మెరవదు, గోళ్ల రంగు మెరుస్తుంది. ఉజ్వల గోళ్లకు ఎన్నడూ రంగు వేసుకోదు, కాని ఆమె సంచిలో ఎర్ర సీసా ఉంది. నేను భోజనానికి వెళ్లినప్పుడు నా చుక్కలు గీకేసి, ట్రిగ్గర్లు సరిచేసి, నేను నొచ్చుకోకూడదని మళ్లీ అదే రంగు పెడుతోంది. నాకు తెలియనట్టే ఉన్నాను. గిరాకీలు "రామచందర్ సాబ్ చెయ్యంటే చెయ్యే" అంటే తల ఊపాను. ఆమె పక్కనే కూర్చుని బిల్లు రాసేది. ఒకరోజు ఆమె వినేట్టుగా, "ఆడోళ్లకు గీ పని అబ్బదు" అని కూడా అన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

కనుక దుకాణం కిరాయి హక్కు, పనిముట్లు, బల్ల, నా కుర్చీ సర్వహక్కులతో ఉజ్వలకు చెందుతాయి. నరేశ్‌కు ఇందులో వాటా లేదు. లక్డీకాపూల్ ఆఫీసులో సుఖంగా ఉన్నాడు, స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో నేటికీ తెలియదు. బోర్డు మీద "రామచందర్ అండ్ సన్" అని ఉన్నది అబద్ధం. దాన్ని దించి ఉజ్వల పేరు రాయించాలి.

6. ఇవాళ దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి నన్ను స్కూటీ మీద తెచ్చింది ఉజ్వలే. "సాక్షి సంతకం నేను పెట్టనా మామయ్యా?" అని అడిగింది. "నువ్వొద్దు, బయట కూర్చో" అన్నాను. "మంచిది" అని వెళ్లింది గాని ముఖం చిన్నబోయింది. వీలునామా వల్ల ఆస్తి పొందేవాళ్లు దానికి సాక్షిగా ఉండకూడదట. ఆ ఒక్క ముక్క చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. నా సిగ్గు మొత్తానికి సాక్షి ఆమె ఒక్కతే, అయినా కాగితం మీద ఆమె పేరు సాక్షుల్లో ఉండదు.

నేను పోయాక చదువుకోమని దీన్ని దాచడం లేదు. సంతకాలు కాగానే బయటికి వెళ్లి ఆమె చేతికిస్తాను. చదివేదాకా ఎదురుగా నిలబడతాను. నా సంతకం మీద ఎర్ర లక్క చుక్క పెడుతున్నాను. ఇది నాదే, మెరవదు. దీని కింద ఉన్నదాన్ని మాత్రం ఉజ్వల మళ్లీ సరిచేయాల్సిన పని లేదు.

నాంపల్లి, హైదరాబాద్
14 జూలై 2025

(సంతకం) కట్టోజు రామచందర్

సాక్షులు:
1. సౌభాగ్య, టీచర్, నాంపల్లి
2. రవికిరణ్, మందుల దుకాణం, అబిడ్స్