టొలేడోలో రెండు రోజులు

మాడ్రిడ్,
సెప్టెంబరు

ప్రియమైన శాంతా,

నీ ఉత్తరం చేరింది. అది చదువుతూ ముసలమ్మగారి సూప్ పొయ్యి మీద మరిచిపోయాను, తిట్లు తిన్నాను. ఈ ఇంట్లో పనికి కుదిరి ఆవిడకి వండిపెడుతూ, మందులిస్తూ గడిపిన ఇన్నేళ్ళలో సూప్ మాడ్చడం ఇదే మొదలు.

నీ కొడుకు జెర్రీకి పంతొమ్మిది నిండాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. వార్డు ఆఫీసు వాళ్ళు వచ్చి సైన్యంలో బలవంతపు చేరికకి వాడి పేరు రాసుకెళ్ళారంటే మాత్రం నమ్మక తప్పడం లేదు. తుపాకీ పట్టే పిల్లాడా వాడు? బల్లిని చూసి మంచమెక్కేవాడు!

ముసలమ్మగారి కొడుకు చేత మీ ఇద్దరికీ ఆహ్వానం రాయించాను. వీసాకి అది పనికొస్తుంది. కానీ రంగూన్ ఎయిర్‌పోర్టులో ఎందుకు వెళ్తున్నారని అడుగుతారు. అక్కని చూడ్డానికి అంటే, ఇక తిరిగి రారని వదలరు, ఊళ్ళు చూడ్డానికి అనాలి. అందుకని శని, ఆదివారాలు టొలేడో వెళ్దాం. ఇక్కణ్ణుంచి రైల్లో అరగంట. పాత రాతి ఊరు, మూడు వైపులా నది. శనివారం పొద్దున్న పెద్ద చర్చి, మధ్యాహ్నం కొండమీది కోట. ఆదివారం రాతి వంతెన, పాత యూదుల వీధి. అక్కడ బాదం మిఠాయికి పేరు, అది కూడా వాణ్ణి చెప్పమను. హోటల్ గది నిజంగానే తీసుకున్నాను. మంగళవారానికి తిరుగు టిక్కెట్లు కూడా కొనండి. అవి చూపించడానికే. మీరిద్దరూ ఇక్కడ దిగితే మళ్ళీ వెనక్కి పంపేది లేదు.

ఫోన్లో ఇవేవీ మాట్లాడకు. రోడ్ల మీద సైనికుల గేట్ల దగ్గర ఫోన్లు తెరిచి చూస్తున్నారన్నావుగా. కాగితం మీద తెలుగైతే వాళ్ళకి ముగ్గులాగే కనిపిస్తుంది.

నీ మంచి కోరే అక్క,
ఫెయిత్


పజుండౌంగ్, రంగూన్,
అక్టోబరు

ప్రియమైన అక్కకి,

శాంత వందనాలు. వీసాలు వచ్చాయి. చేతిలో పెట్టుకుని మోకాళ్ళ మీద పడి ఏడ్చాను.

పోయిన వారం వాగు అవతల, తాకేటా పేటలో, సైనికులు బస్సు ఆపి ఇద్దరు కుర్రాళ్ళని దించి పట్టుకుపోయారు. వాళ్ళలో ఒకడు మన కొట్లో సమోసాలు కొనేవాడు. అప్పట్నుంచి జెర్రీని గుమ్మం దాటనివ్వడం లేదు. కుక్క మొరిగితే చాలు, వాడి గదిలోకి పరిగెడుతున్నాను.

నీ టొలేడో వాడికి నేర్పుతున్నాను. వాడికి తెలుగు మాట్లాడ్డం సగం సగం వచ్చు, చదవడం అసలే రాదు కదా. నేను నీ ఉత్తరం పైకి చదువుతాను, వాడు అప్పజెప్తాడు. సండే స్కూల్లో మనం బైబిలు కంఠత వాక్యాలు చెప్పేవాళ్ళం చూడు, అలాగే. నిలబెట్టి, చేతులు కట్టించి చెప్పిస్తున్నాను. ఒక్క మాట తప్పితే మళ్ళీ మొదటికి.

నిన్న విసుక్కున్నాడు. "నాకు తుపాకీ కన్నా నీ టొలేడోకే బయమేస్తందే అమ్మా" అన్నాడు.

"ఒరే, నవ్వకు. కోట కన్నా ముందేటి, సెప్పు" అన్నాను.

"సర్చి."

అప్పుడు అన్నం పెట్టాను.

ఇంకా వివరాలు రాయి అక్కా. వంతెన పేరేమిటి, రైలు ఎక్కడ ఎక్కాలి, మిఠాయి ఏ రంగులో ఉంటుంది, అన్నీ రాయి. ఒక్క ప్రశ్నకి తడబడితే నా పిల్లాడు పోతాడు.

నీ చెల్లెలు,
శాంత


మాడ్రిడ్,
నవంబరు

ప్రియమైన శాంతా,

ఒక్క వివరం కూడా రాయను, కోప్పడకు. వాడు పాఠంలా అప్పజెప్తే అక్కడే దొరికిపోతాడు.

ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళని నేనిక్కడ రోజూ చూస్తుంటాను. వాళ్ళకేమీ తెలీదే! మ్యాపు తలకిందులుగా పట్టుకుని, దారి తప్పి, నాలాంటిదాన్ని అడుగుతారు. జెర్రీ చేత అదంతా మరిపించు. "అక్కడేదో పాత ఊరుందట, చూసొస్తాం" అంటే చాలు. నిన్నూ అడుగుతారు, నువ్వేం చెప్పాలో కూడా ఆలోచించుకో. ఎంతసేపూ వాడి సంగతే తప్ప నీ గురించి ఒక్క ముక్క రాయవు.

ఈ ఉత్తరం తెచ్చే చర్చి వాళ్ళు బ్యాంకాక్‌లో ఆగి వస్తారట. మీరు బయల్దేరేలోపు అందాలని ప్రార్థిస్తున్నాను.

అక్క,
ఫెయిత్


రంగూన్ ఎయిర్‌పోర్టు,
గురువారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఇన్నాళ్ళు నేర్పి ఒక్క పూటలో మరిచిపోరా అంటే మరిచిపోతాడా?

కౌంటరు దగ్గర అధికారి, అక్కడేం చూస్తావని అడిగాడు. జెర్రీ చేతులు కట్టుకున్నాడు. ఎదురుగా గోడని చూస్తూ, నేను తెలుగులో నేర్పిందంతా బర్మా భాషలోకి తిప్పి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. నది, చర్చి, కోట, మిఠాయి. చివర్లో ఆమెన్ అన్నాడక్కా!

"నువ్వు చూడ్డానికి వెళ్తున్నావా, చూపించడానికా?" అన్నాడు అధికారి.

వాణ్ణి బయట కూర్చోబెట్టి నన్ను గదిలోకి పిలిచాడు. నీకేం చూడాలనుందని అడిగాడు. ఏమీ చూడాలని లేదు, మా అక్కని చూడాలి అనేశాను. అతను అరవలేదు. "ఇద్దరూ వెళ్తే ఇద్దరూ రారు. నువ్విక్కడుంటే వాడు తిరిగొస్తాడు" అని నా పాస్‌పోర్టు సొరుగులో వేసుకున్నాడు, వాడిదానికి మాత్రం ముద్ర కొట్టాడు. వాడు రాకపోతే నన్ను పట్టుకుంటారట.

అతను వాణ్ణి సరిగ్గానే అంచనా వేశాడు. నేనిక్కడ చిక్కుకున్నానని తెలిస్తే జెర్రీ అక్కడ ఒక్క పూట నిలవడు. నన్నేం చేస్తారోనన్న భయం నాకు లేదు. వాడు తిరిగొస్తాడేమోనన్నదే భయం. అందుకని, నా కాగితాల్లో ముద్ర ఒకటి తక్కువైంది, రెండ్రోజుల్లో వెనకాలే వచ్చేస్తానని వాడితో చెప్పాను.

"నిజిమేనా అమ్మా?" అన్నాడు.

"నీకు అబద్దం సెప్తానేటిరా" అన్నాను.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. కవరు కూడా అతికించలేదు. వాడికి తెలుగు అక్షరాలు నేర్పలేదని నన్నెన్ని తిట్లు తిట్టావో! చివరికి ఆ నేర్పకపోవడమే నాకు అక్కరకొచ్చింది.

శనివారం వాణ్ణి టొలేడో తీసుకెళ్ళు. కడుపునిండా తినిపించు. వాడు ఫోన్ చేస్తే నేను కూడా వస్తున్నాననే చెప్తాను. మంగళవారం వాడి తిరుగు విమానం. మళ్ళీ టిక్కెట్టు కొనుక్కునే శక్తి వాడికి లేదు. వాడు దాని మాటెత్తితే, అమ్మ రానీ, అప్పుడు చూద్దాం అను. నా కోసం ఎదురుచూస్తూ ఆ విమానం వదిలేస్తాడు.

అది వెళ్ళిపోయాక చెప్పు, అమ్మ రాదని.

నీ శాంత