పామర్రు కొత్తిమీర

పిన్నీ,

నీ సంవత్సరీకానికని ఇవాళ బెజవాడలో బస్సెక్కాను.

నీకో సంగతి చెప్పాలి. మనిద్దరికీ ఉందని ఇంట్లో అందరూ అనే మొహమాటాన్ని డాక్టరు గారు జబ్బన్నారు. "మెదడులో భయపడే చోటుకీ, దాన్ని సముదాయించే చోటుకీ మధ్య లైన్లు సరిగ్గా కలవట్లేదమ్మా. ఈ మాత్రలతో మెల్లగా కుదురుకుంటాయి," అన్నారు. నిన్ను చూసి మనవాళ్లు "ఎంత అణకువో" అని మురిసిపోయారే గానీ, డాక్టరు దగ్గరికి ఎవరూ తీసుకెళ్లలేదు.

మాత్రలు పనిచేస్తున్నాయి. బస్సులో గుండె దడ లేదు, అరచేతులకు చెమట లేదు. మన ఊరి అడ్డరోడ్డు కనపడగానే లేచి నిలబడ్డాను కూడా. "ఆపండి" అంటే చాలు. కానీ బస్సంతా నావైపు తిరిగి చూస్తుందనిపించి, ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. అడ్డరోడ్డుకీ టికెట్టు పామర్రుదే ఇస్తారు కదా, కండక్టరు నన్ను చూసి, "పామర్రు ఇంకా రాలేదమ్మా, కూర్చోండి," అన్నాడు.

కూర్చున్నాను.

ఆపమని అడగలేక ప్రతిసారీ నువ్వు దిగినట్టే, అందరితోపాటు పామర్రులో దిగాను. నువ్వు కొన్నట్టే ఓ కొత్తిమీర కట్ట కొని, ఆటోలో వెనక్కి వచ్చాను. అంత దూరం ఎందుకెళ్లావని అడిగితే నువ్వు చెప్పే మాటనే దారంతా వల్లెవేసుకున్నాను.

గుమ్మంలో అమ్మ నా చేతిలో కట్ట చూసింది. నేను నోరు తెరిచేలోపే నీ మాట తనే అనేసింది.

"రావే. పామర్రు కొత్తిమీర లేతగా ఉంటుందిలే."